ఇసుకదిబ్బ అవతల అత్తగారితో

నిన్న మా అమ్మాయి, సెలవులకు ఒమాన్ వెళ్దామని ముచ్చటపడుతూ, ఎడారిలో రాత్రి బసకు డేరాలు వెతికి, ఏసీతో పాటు బాత్రూము కూడా ఉన్న ఒకదాన్ని నాకు ఫోన్లో చూపించింది. చూడగానే నవ్వొచ్చింది, వెంటనే మా అత్తగారు గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి.

రెండువేల ఎనిమిదో, తొమ్మిదో. మస్కట్‌లో, వాడి కబీర్ అనే పేటలో ఒక ఫ్లాటులో ఉండేవాళ్ళం. పెళ్ళయిన చాలా ఏళ్ళకు నిలిచిందనుకున్న కడుపు అయిదో నెలలో పోతే, నాకు తోడుగా ఉంటుందని మావారు అనంతపురం నుంచి వాళ్ళమ్మను విజిట్ వీసా మీద పిలిపించారు. ఆవిడ వండిపెట్టేవారు, బట్టలు మడతపెట్టేవారు, పోయిన బిడ్డ మాట మాత్రం ఒక్కనాడూ ఎత్తలేదు. అది నామీద నిష్ఠూరమేననుకుని నేనూ మాటలు తగ్గించాను.

ఆ చలికాలంలో ఒక గురువారం, అప్పట్లో అక్కడ వారాంతపు సెలవు రోజున, మావారి కంపెనీ స్నేహితుల కుటుంబాలతో కలిసి బిదియా ఊరు దాటి ఎడారిలోకి వెళ్ళాం. బండ్లు ఇసుకలో దిగబడకుండా టైర్లలో గాలి తగ్గించి, దిబ్బలెక్కి, మనిషి అలికిడి లేని చోట చాపలు పరిచారు. మగవాళ్ళు కోళ్ళు కాలుస్తూ పాత పాటలు అందుకున్నారు. పొద్దు గుంకి ఇసుక చల్లబడుతుండగా అత్తగారు నా పక్కకొచ్చి, "పా, అట్ల పోయొద్దాం," అన్నారు.

నీళ్ళ సీసా పట్టుకుని ఇద్దరం దిబ్బ అవతలకు దిగాం. పనయ్యాక నేను వెనక్కి తిరగబోతే ఆవిడ ఇసుకలో చతికిలబడ్డారు.

"కూచో మే. మా ఊర్లో పొద్దు గుంకినాక ఆడోళ్ళమంతా ఇట్లే చెంబులు పట్టుకోని చేన్లకాడికి పోతాంటిమి. ఇంట్లో నోరిప్పేదానికి యాడయితాది? ఉన్నవన్నీ ఆడనే చెప్పుకుంటాంటిమి."

గొంతు తగ్గించి అన్నారు: "మీ ఆయన కంటే ముందర నాకొక ఆడబిడ్డ పుట్టి పోయింది. ఏడ్చేదానికి గూడా నాకు ఆ చేను గట్టే. నేనొచ్చినప్పట్నుంచీ చూస్తాండా, నువ్వు ఒక్క చుక్క రాల్చలేదు. ఆ ఫ్లాటులో నాకూ నోరు రాలేదు. ఈడ ఎవరూ లేరు, ఏడ్చుకో."

ఆవిడ ఒళ్ళో తలపెట్టి ఎంతసేపు ఏడ్చానో తెలియదు. ఆవిడ నా వీపు నిమురుతూ ఆ పసిదానికి పెట్టాలనుకున్న పేరు చెప్పారు. నేనూ నా బిడ్డకు అనుకున్న పేరును మొదటిసారి పైకి పలికాను. మావారు కంగారుపడి కేకేస్తే, "వస్తాండాం లేరా!" అని ఆవిడే బదులిచ్చారు.

వీసా అయిపోయేదాకా ప్రతి సాయంత్రం వాడి కబీర్ వీధుల్లో ఇద్దరం నడిచేవాళ్ళం. తర్వాత మేం ఇండియాకు తిరిగొచ్చేశాం, మా అమ్మాయి పుట్టింది, ఆవిడ చేతుల మీదే పెరిగింది. ఇప్పుడు ఆవిడ లేరు.

ఆ చెంబుల కాలం మళ్ళీ రావాలని ఏ ఆడదీ కోరుకోదు. వానల్లో, పాముల భయంతో ఆవిడ తరం పడిన పాట్లు నేను విన్నాను. కానీ మా అపార్టుమెంటులో పై అంతస్తు అమ్మాయికి ఈమధ్యే కడుపు పోయిందట. లిఫ్టులో కనిపిస్తే చిన్నగా నవ్వి ఫోన్లోకి తల వంచుకుంటుంది. ఆమెను ఏ సాకుతో, ఎక్కడికి పిలవాలో నాకు తోచడం లేదు.