కవలపిల్లలు

రెండువేల తొలి ఏళ్లలో ధర్మవరంలో పట్టుచీరల అంచులకు కంప్యూటర్‌లో డిజైన్లు గీసే ఒక అక్కకు ఇంగ్లీషు చదవడం రాదు. తెరమీద నొక్కే గుర్తుల బొమ్మలకు తనే పేర్లు పెట్టుకుంది. రంగు నింపేది బిందె. గీసిన హంసకు ఎదురుగా అచ్చం అలాంటి హంసనే నిలబెట్టేది కవలపిల్లలు. అది నొక్కినప్పుడల్లా "పుట్టినారు!" అని నవ్వేది.

కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికి హిందూపురం నుంచి వెళ్లింది నేనే. అందులో బొమ్మలు పోయి ఇంగ్లీషు మాటలొచ్చాయి.

"ఏమప్పా, నా కవలపిల్లల్ని యాడ దాచినావు?"

"ఈడనే ఉండారక్కా. నాలుగు దినాలు పోతే అలవాటైతాది."

ఆమె నవ్వలేదు. "నన్ను మల్లా చదువు రానిదాన్ని చేస్తివి కదప్పా. పాతదే పెట్టిపో."

"పాతది ఇంక పనిచేయదక్కా," అన్నాను.

నెల తిరక్కముందే ఆమె కుర్చీలో ఇంకొకరు కూర్చున్నారు. "కొత్తదానికి భయపడి మానేసింది" అని ఆమెను పనిలో పెట్టుకున్న షావుకారు చెబితే నేనూ తలూపాను. ఊళ్లో ఆ మాటే నిలిచిపోయింది.

అది నిజం కాదు. పాతది కావాలని ఆమె నోరు తెరిచి అడిగింది. మళ్లీ ఎక్కించడం అరగంట పని. పెనుకొండ మీదుగా పోయే నా బస్సు ఎక్కడ తప్పిపోతుందోనని, పాతది పనిచేయదని అబద్ధం చెప్పాను.