కొలనులో ఇంకా ఖాళీ ఉంది

మా మామగారు ముప్పై ఒక్క ఏళ్లు సిటీ బస్సు కండక్టరుగా చేశారు. అన్నేళ్లలో తన బస్సు నిండిందని ఒక్కసారి కూడా ఒప్పుకోలేదు. ఫుట్‌బోర్డు మీద జనం వేలాడుతున్నా, లోపల ఎవరి కాలు ఎవరిదో తెలియకపోయినా, ఆయన మాత్రం "జరగండి, జరగండి, ముందంతా ఖాళీయే" అనేవారట. స్టాపులో ఒక్క మనిషిని కూడా వదిలేసి రాలేదన్నది ఆయన చెప్పుకునే ఘనకార్యం. ఇంట్లో అందరికీ అది కంఠతా వచ్చు.

రిటైరయ్యాక ఆయనకు మా ఇల్లే బస్సయింది. రెండు గదులూ, ఒక హాలూ. ఒక గదిలో అత్తయ్యా, మామయ్యగారి అక్కా. రెండో గదిలో పరీక్షలకు చదువుతున్నానని చెప్పుకునే మా మరిది, వాడు ఇంకా తెరవని పుస్తకాలు. హాల్లో బీరువా వెనక, తెర కట్టిన మూలలో నేనూ మా ఆయనా. పెళ్లయి నాలుగేళ్లు. ఎవరు వంటింట్లోకి వెళ్లినా మా తెర ఊగుతుంది, ఎవరు తుమ్మినా మాకు మెలకువ వస్తుంది. ఆ మూలకు మామయ్య పెట్టిన పేరు వెనక సీటు.

నేను రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తాను. ల్యాబు దగ్గరే రెండు గదుల ఇల్లు ఒకటి చూశాను. వేరే వెళ్తామని రెండుసార్లు అడిగాను. మా ఆయన ఆ రెండుసార్లూ గోడ మీది క్యాలెండరును శ్రద్ధగా చదివారు. మామయ్య మాత్రం నవ్వి, "కాస్త సర్దుకుంటే సరిపోతుంది కదమ్మా" అన్నారు. పోనీ, గట్టిగా పోట్లాడదామా అంటే, ఆయన పడుకునేది వరండాలో, కాళ్లు చాపితే బయటికి వచ్చే బల్ల మీద. తన సీటు కూడా ఎవరికో ఇచ్చేసి నిలబడే రకం. అదే చిక్కు. మనసారా తిట్టుకోవడానికి కూడా వీలివ్వరు.

ఇంటి వెనక ఆయన స్వయంగా తవ్వి సిమెంటు పూసిన గుంట ఒకటి ఉంది. మేమంతా దాన్ని కొలను అనాలి. గుంట అంటే ఆయనకు కోపం. అందులో తొమ్మిది రంగు చేపలు. వాటిలో పెద్దది నారింజరంగుది, ముక్కు మీద తెల్లమచ్చ. ఒక్కో చేప ముందూ ఆగి, టికెట్టు చూసినట్టు చూసి, ముందుకు కదిలేది. అందుకే దాని పేరు ఇన్‌స్పెక్టరు. సర్వీసులో ఉన్నన్నాళ్లూ నిజం ఇన్‌స్పెక్టర్లను తిట్టిపోసిన మనిషి, దీనికి మాత్రం రోజూ పొద్దున్నే చేత్తో మేత తినిపించేవారు. పదకొండేళ్ల స్నేహం వాళ్లది. కొడుకులతో కూడా అన్ని కబుర్లు చెప్పగా నేను చూడలేదు.

ఒక ఆదివారం మామయ్య, ఒకప్పుడు ఆయన బస్సు నడిపిన డ్రైవరు బాబాయి కలిసి ఊరి బయట కాలువకు వెళ్లారు. మధ్యాహ్నానికి మోకాళ్ల దాకా బురదతో, ఒక బకెట్టుతో తిరిగొచ్చారు. బకెట్టులో పదకొండు వెండిరంగు చేపలు ఒకదాని మీద ఒకటి పొర్లుతున్నాయి. నేరుగా కొలను దగ్గరికి నడుస్తుంటే అడ్డం వెళ్లాను. బయటి నీళ్లలో పట్టిన చేపకు ఏ జబ్బుందో పైకి తెలియదనీ, మూడు వారాలు వేరే తొట్టిలో పెట్టి చూడాలనీ, తర్వాతే కలపాలనీ చెప్పాను. మా ల్యాబులోనైతే ఊరూపేరూ లేని సీసాను బల్ల మీద కూడా పెట్టనివ్వరనీ చెప్పాను.

మామయ్య ఆ మాటలన్నీ ఓపిగ్గా విన్నారు. ఆయన చెవికి అందిన మాట మాత్రం ఒక్కటే.

"వేరేనా?" అన్నారు. "అంత దూరం వచ్చినవాటిని గుమ్మం బయట నిలబెడతామా అమ్మా? సర్దుకుంటాయిలే."

బకెట్టు వంచారు. ఒక్కో చేపా జారుతుంటే "ఎక్కండి, ఎక్కండి, ముందుకు జరగండి" అన్నారు. ఎనిమిది చేపలు ఒక మూలకు ముడుచుకున్నాయి. ఇన్‌స్పెక్టరు ఒక్కటే ఎదురెళ్లి కొత్తవాటిని తనిఖీ చేసింది. చూశావా, కలిసిపోయాయి అన్నట్టు మామయ్య నా వైపు చూశారు. నాకు ఒళ్లు మండిపోయింది.

రెండు వారాలు ఆయన మాటే నెగ్గింది. మూడో వారం రంగు చేపలు గోడకు ఒళ్లు రుద్దుకోవడం మొదలుపెట్టాయి. కొన్ని నీళ్లలోంచి ఎగిరి పడ్డాయి. ఇన్‌స్పెక్టరు మేతకు రావడం మానేసింది. ఇరుకు కదా, అలవాటు పడుతున్నాయి అన్నారు మామయ్య, కానీ ఆ మాట అంటూ నా కళ్లలోకి చూడలేదు. ఇన్‌స్పెక్టరును వలతో పైకి తీసి భూతద్దంతో చూశాను. రెక్కల కింద పెసరబద్దలంత బిళ్లలు, దాదాపు గాజులా, కాళ్లతో సహా కదులుతున్నాయి. చేప పేలు. కాలువ నుంచి టికెట్టు లేకుండా వచ్చిన ప్రయాణికులు.

పేలు అన్న మాట ఇంట్లోకి చేరగానే అత్తయ్య ముందు నా జడ వైపు చూశారు.

తర్వాతి పది రోజులు మా ఇంట్లో ఇంకో సంగతి లేదు. ల్యాబు నుంచి ఫోర్సెప్స్ తెచ్చి నేను ఒక్కో పేనునూ పీకుతుంటే, మామయ్య తడిగుడ్డలో చేపను పట్టుకుని కూర్చునేవారు. ఐదు చేపలు చచ్చిపోయాయి. ఒక్కోదాన్ని గోడ పక్కన పూడ్చి, కాసేపు అక్కడే నిలబడి వచ్చేవారు. కాలువ చేపలకు మాత్రం ఏమీ కాలేదు. పేలతో కాపురం వాటికి ముందునుంచీ అలవాటే. డ్రైవరు బాబాయి వాటిని బకెట్టులో వేసుకుని వాళ్లింటికి పట్టుకుపోయారు. ఏం చేశారని నేను అడగలేదు, మర్నాడు ఫోనులో ఆయన మాత్రం చాలా సంతృప్తిగా మాట్లాడారు.

మిగిలినవి నాలుగు. ఇన్‌స్పెక్టరు బతికే ఉంది, కానీ పక్కకు ఒరిగి ఈదుతోంది. కొలను ఖాళీ చేసి, సున్నం చల్లి, ఎండబెట్టాలి. అందాకా నాలుగింటినీ రెండు పెద్ద తొట్లలో, గాలి మోటర్లతో, నీడలో పెట్టాలి. పెరట్లో పెడితే పిల్లులు. వరండాలో ప్లగ్గు లేదు. గదుల్లో అడుగు పెట్టే చోటు లేదు. మామయ్య రెండు చేతులూ చాపి ఇల్లంతా కొలుచుకుంటూ చివరికి మా బీరువా పక్కకు వచ్చి ఆగారు. తెర పక్కకు లాగి ఆ మూలను చూశారు. మా మంచం, దాని మీద మడతపెట్టిన బట్టలు, పెట్టే చోటు లేక మంచం కింద నిలబెట్టిన మా పెళ్లిఫొటో. నాలుగేళ్లలో ఆయన ఆ తెర తీయడం అదే మొదటిసారి.

ఇంక జరగండి అంటారేమో, అంటే ఈసారి ఊరుకోను అనుకున్నాను. ఆయన బస్సులో పైనున్న కడ్డీ పట్టుకున్నట్టు బీరువా అంచు పట్టుకున్నారు.

"అమ్మా, నువ్వు చూసిన ఆ రెండు గదులు ఇంకా ఉన్నాయా?"

అవి పోయుంటాయనీ, ఆ వీధిలోనే వేరేవి ఉన్నాయనీ చెప్పాను. నా గొంతు నాకే కటువుగా వినిపించింది. నేను రెండుసార్లు అడిగితే రానిది, ఒక చేప ఒరిగి ఈదితే వచ్చేసింది మరి.

"చేపల కోసం కాదమ్మా," అన్నారాయన, నేను పైకి అనకుండానే. "ఈ బండి నిండిపోయింది. ఎప్పుడో నిండింది. నాకు తెలుసు. ఆ మాట అనడానికే ఎప్పుడూ నోరు రాలేదు."

నాలుగేళ్ల కోపం దాచిపెట్టుకుని ఏం లాభం, అవసరమైన రోజున ఒక్క ముక్క కూడా చేతికి రాలేదు. వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

తర్వాతి వారమే మా మంచం, పెళ్లిఫొటో, నాలుగు సంచులు ట్రాలీ ఆటో ఎక్కాయి. మేం ఖాళీ చేసిన వెనక సీటులోకి చేపల తొట్లు చేరాయి, ఇన్‌స్పెక్టరు అప్పటికే కాస్త నిటారుగా ఈదుతోంది. మామయ్య గేటు దాకా వచ్చి, తాళ్లు సరిచూసి, పాత అలవాటున ఆటో రేకు మీద రెండుసార్లు తట్టారు. తర్వాత రావాల్సిన మాట రాలేదు. ఆటో డ్రైవరు అద్దంలోంచి చూస్తూ ఆగాడు.

ఇంక నేనే తల బయటికి పెట్టి అన్నాను.

"రైట్ రైట్, మామయ్యా."