పద్నాలుగో మంచం కోరిన పాట

శవాల్ని కోసి చదువుకున్నవాణ్ణి. దెయ్యాలంటే నాకు నవ్వు. సినిమాలో తెల్లచీర దెయ్యం తేలుతూ రాగానే బాల్కనీలోంచి మొదటి ఈల నాదే అయ్యేది. ఇప్పుడూ దెయ్యాలున్నాయని అనను. కానీ ఒక ఆదివారం మధ్యాహ్నం మా వార్డులో విన్నదాన్ని ఏమనాలో ఇన్నేళ్ళయినా తెలియలేదు.

ఎనభైల మొదట్లో విశాఖలో ఒక ఆసుపత్రిలో మగవాళ్ళ సర్జికల్ వార్డుకు డ్యూటీ డాక్టర్ని. స్టీలు ప్లాంటు కడుతున్న రోజులు. పరంజా మీంచి పడ్డవాళ్ళు, పోర్టులో బస్తాల కింద నలిగినవాళ్ళు. మంచాలు చాలేవి కావు. పని కాకుండా నాకున్న పిచ్చి రెండే, కొత్త సినిమా, రేడియో.

ఆదివారం ఒంటిగంటకు రేడియోలో శ్రోతలు ఉత్తరాలు రాసి కోరిన సినిమా పాటలు వేసేవారు. పాటకు ముందు కోరినవాళ్ళ పేర్లూ ఊళ్ళూ చదివేవారు. చదివేవాడు నా స్నేహితుడే, సినిమా క్యూలో పరిచయమైనవాడు. నేను కార్డు మీద మా రోగుల పేర్లు మంచం నంబర్లతో సహా రాసి పంపేవాణ్ణి. రేడియోలో తన పేరు వినపడగానే ఆ మనిషి కట్లతోనే లేచి కూర్చునేవాడు. నా మందుల కంటే అదే బాగా పనిచేస్తుందని గొప్పలు పోయేవాణ్ణి.

పంపిన కార్డు చదవడానికి మూడు నాలుగు వారాలు పట్టేది. ఈలోగా ఎవరికేమైనా కావచ్చని నాకు తట్టలేదు. ఒకసారి పద్నాలుగో మంచం మనిషి పేరు చదివేసరికి అతను పోయి గంట కూడా కాలేదు. అతని భార్య అక్కడే సామాన్లు మూట కడుతోంది. పేరు వినగానే చేతిలో గ్లాసు వదిలేసి రేడియో వైపు చూసింది. ఏడవను కూడా లేదు. ఆ రోజు నుంచి రోగుల పేర్లు రాయడం మానేశాను. నా పేరు, సిస్టర్ల పేర్లు, అంతే.

రెండు నెలల తర్వాత అదే మంచంలోకి సూరప్పడు వచ్చాడు. ఊరు తగరపువలస. ప్లాంటు పనిలో పరంజా మీంచి పడ్డాడు, ఎడమ డొక్కలో దెబ్బ. శుక్రవారం చేరాడు. ఎక్స్‌రేలో ఏమీ కనపడలేదు. "పంపేముందు పొట్ట నొక్కి చూడవయ్యా" అని మా పెద్ద డాక్టరుగారు ఒకటికి రెండుసార్లు చెప్పారు.

ఆదివారం రెండున్నరకు నా అభిమాన హీరో కొత్త సినిమా మ్యాట్నీ. టికెట్టు జేబులో ఉంది. మంచం పక్కన నిలబడే అడిగాను, నొప్పి ఉందా అని.

"నొప్పేటీ నేదు బాబూ. రేపు పన్లోకెల్లాల," అన్నాడు.

పొట్ట మీద చెయ్యి వెయ్యలేదు. డిశ్చార్జి చీటీ మీద సంతకం పడేశాను. చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే.

డ్యూటీ గదిలో కోటు విప్పుతున్నాను. కిటికీలో ట్రాన్సిస్టరు వార్డంతా వినపడేలా మోగుతోంది. నా కార్డే చదువుతున్నాడు మా వాడు. నా పేరు, సిస్టర్ మేరీ పేరు, ఇంకో ఇద్దరు సిస్టర్లవి. తర్వాత అదే గొంతు, తాపీగా, "సర్జికల్ వార్డు, పద్నాలుగో మంచం, సూరప్పడు, తగరపువలస" అంది. పాట మొదలైంది.

 ఆ కార్డు పోస్టు చేసి మూడు వారాలైంది. అప్పటికి సూరప్పడనే మనిషి ఉన్నాడనే నాకు తెలియదు.

సూదులు ఉడకబెడుతున్న సిస్టర్ మేరీ తల తిప్పింది. "మళ్ళీ పేషెంట్ల పేర్లు రాస్తన్నారేటి డాక్టరుగారూ?" అంది.

 గ్లాసు వదిలేసిన ఆవిడే కళ్ళ ముందు మెదిలింది. వార్డులోకి పరుగెత్తాను.

సూరప్పడు చొక్కా తొడుక్కుని, మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. "నా పేరు సదివారు, ఇన్నారా బాబూ?" అని మురిసిపోతున్నాడు. పెదాలు పాలిపోయి ఉన్నాయి. నాడి పరుగులు పెడుతోంది. పడుకోబెట్టి పొట్ట మీద చెయ్యి వేస్తే చెక్కలా గట్టిగా తగిలింది. ఎడమ డొక్కలో ప్లీహం చిట్లి పొట్టంతా నెత్తురు నిండుతోంది.

అరగంటలో ఆపరేషన్ బల్ల మీద ఉన్నాడు. బతికాడు. బస్సెక్కి ఉంటే ఇల్లు చేరేవాడు కాదన్నారు పెద్ద డాక్టరుగారు. సమయానికి పట్టుకున్నానని నన్ను మెచ్చుకున్నారు కూడా. నేను తల ఎత్తలేదు.

మర్నాడే రేడియో స్టేషనుకు వెళ్ళాను. ఐదో పేరు ఎక్కడిదని అడిగితే మా వాడు కట్టలోంచి నా కార్డు తీసి చేతిలో పెట్టాడు. నా రాతే, నాలుగే పేర్లు.

"నాను సదివిందీ నాలుగే బావా. ఐదోదేటి?" అని నవ్వాడు. నా మొహం చూసి నవ్వు ఆపేశాడు.

నేను విన్నాను. సిస్టర్ మేరీ వింది. సూరప్పడు విన్నాడు. వార్డులో మెలకువగా ఉన్న ప్రతివాడూ విన్నాడు.

వెళ్ళేరోజు సూరప్పడు నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "కార్డు మీద నన్ను మర్సిపోకండా రాసినారు బాబూ," అన్నాడు. రాయలేదని చెప్పడానికి ధైర్యం చాలలేదు. తల ఊపాను.

ఆ మ్యాట్నీ టికెట్టు, చింపనిది, ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఆ తర్వాత పొట్ట ముట్టుకోకుండా ఏ రోగినీ ఇంటికి పంపలేదు. ఆ గొంతు ఎవరిదో నాకు తెలియదు. ఎక్కడ పేర్లు వరసగా చదివినా, చివరి పేరు అయిపోయాక ఊపిరి బిగబట్టి ఇంకాసేపు వింటాను.