నడుముకు నూనె వద్దన్న అక్క

ఫిజియోథెరపీ అక్క మంగళవారం ఉదయం తిరుపతిలో చనిపోయారు. రెండేళ్ళుగా క్యాన్సర్. బంగారుపాళ్యం నుంచి ఒక తల్లి ఫోన్ చేసి చెప్పింది. ఆమె బిడ్డకూ మా అమ్మాయికీ ఒకే వైద్యం జరిగింది.

మా అమ్మాయికి అప్పుడు ఏడేళ్ళు. మూత్రం ఆపుకోలేకపోయేది. మలబద్ధకం కూడా ఉండేది. తరగతిలో రెండుసార్లు గౌను తడిసింది. ఆ తర్వాత బడికి పోనంది. మందులతో పెద్దగా తగ్గకపోతే డాక్టరు అక్క దగ్గరికి పంపారు. వెన్ను చివర రెండు పట్టీలు అంటించి, చిన్న యంత్రంతో సన్నటి కరెంటు పంపిస్తారు. మూత్రాశయాన్నీ పేగునూ నడిపే నరాలు అక్కడివే.

అక్క పట్టీని ముందు తన చేతికి అంటించుకున్నారు. తర్వాత నా చేతికి.

"చీమ పాకినట్టుండాదా, కుట్టినట్టుండాదా?" అని నన్నడిగి, పాప వైపు తిరిగారు. "మీ నాయన భయపడినాడు సూడు. నువ్వు పడొద్దు."

యంత్రం ఇంటికి ఇచ్చారు. నెలైనా మార్పు లేదు. ఇంట్లో ఎట్లా చేస్తున్నారో తన ముందే చేసి చూపించమన్నారు. మా అమ్మ సంచిలోంచి ముందు కొబ్బరినూనె సీసా తీసింది.

"కరెంటు గదమ్మా, బిడ్డకు మంటెత్తుతాదని."

నూనె మీద పట్టీ సరిగా అంటదు. నెల వృథా.

"నూనె పెనానికి రాయి అవ్వా, నడుముకొద్దు," అన్నారు అక్క. మా అమ్మ తల దించుకుంది. అక్క నాతో, "తప్పు అవ్వది కాదప్పా. వద్దని నేను చెప్పలేదు," అని, ఆ మాటే పాప కేసు కాగితంలో రాశారు. పత్రికలో తప్పు పడితే, సవరణను ఏ మూలనో వేసే వృత్తి నాది. ఆ కాగితం చాలాసేపు చూశాను.

మళ్ళీ మొదటినుంచి చేశాం. నాలుగు నెలలకు తడవని రోజులు ఎక్కువయ్యాయి. పాప బడికి పోయింది. పత్రికలో రాస్తానంటే, "నయమైందని రాయొద్దు, తగ్గిందని రాయి," అన్నారు. రాయాలంటే మా ఇంటి సంగతి చెప్పాలి. రాయలేదు.

అంత్యక్రియల రోజు వాళ్ళ వాకిట్లో మాలాంటి కుటుంబాలు ఐదారు కనిపించాయి. అక్క గది బయట బెంచీల మీద చూసిన మొహాలే. బంధువు ఒకాయన వరసగా అడుగుతూ వచ్చాడు.

"యాడోళ్ళప్పా మీరు? ఏమైతారు?"

"తెలిసినోళ్ళం," అంది మొదటి తల్లి. పక్కామె అదే అంది. నేనూ అదే అన్నాను.

ఇప్పుడు ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి నా పక్కనే ఉంది.

"నేను ఒంటేలు ఆపుకోలేకపోయేదాన్ని తాతా. ఈమే చూసినారు," అంది.

ఆయన తలూపి దారి ఇచ్చాడు. అమ్మాయి ఒక్కతే లోపలికి వెళ్ళి అక్క కాళ్ళ దగ్గర నిలబడింది. పెద్దవాళ్ళం గోడవారనే ఉండిపోయాం, ఎండ మా పాదాల మీదికి వచ్చేదాకా.