సింకులో పోసిన మందార నూనె

ఒక సీసా నూనెను సింకులో పారబోసి, దాంతోపాటు ఒక స్నేహితురాలిని కూడా పోగొట్టుకున్న ఘనత నాది. నవ్వుకోండి, నేనేమీ అనుకోను.

విదేశానికొచ్చి, వెంబ్లీలో లావణ్యా నేనూ ఒకే గదిలో ఉండి ఎమ్మెస్సీ చదివాం. మాది భీమవరం, దానిది కరీంనగర్. డిసర్టేషన్ ఇచ్చేసి, ఇక హాయి అనుకున్న రెండు నెలలకి నా జుట్టు గుప్పెళ్ళతో ఊడడం మొదలైంది. షవర్ తూము పూడిపోతే వచ్చిన ప్లంబర్, లోపల్నుంచి లాగినదాన్ని చూసి, "ఇంట్లో కుక్క ఉందా?" అని అడిగాడు.

నేను వెంటనే దోషిని పట్టేశాను. లావణ్య వాళ్ళమ్మ మందారాకు వేసి కాచి పంపిన నూనె. ఆదివారం ఆదివారం దాన్ని నా తలకి ఓపిగ్గా మర్దనా చేసేది పాపం లావణ్యే.

"నీ నూనె వల్లేనే నా జుట్టు ఊడిపోతుంది."

"నేను గూడ గదే పెట్టుకుంటున్న. నాది ఊడ్తలేదు గదా."

"నీకు అలవాటు. నాకు పడలేదు."

"మా అమ్మ చేతులతోని కాసింది. గట్లనకే."

మళ్ళీ అదే అన్నాను. అనడంతో ఆగానా, సీసా తీసుకెళ్ళి సింకులో బోర్లించాను. లావణ్య ఖాళీ సీసా కడిగి, తుడిచి, తన సంచిలో పెట్టుకుంది. వారం తిరక్కుండా స్టాన్‌మోర్‌లో వేరే గది చూసుకుని వెళ్ళిపోయింది.

నూనె పోయింది, లావణ్య పోయింది, జుట్టు మాత్రం ఊడుతూనే ఉంది. చివరికి జీపీ, అంటే ఇక్కడి ఫ్యామిలీ డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. స్ట్రెస్ ఉందా అని అడిగాడాయన.

"నో స్ట్రెస్, డాక్టర్. ఓన్లీ టెన్షన్."

ఆయన గబగబా నా చేతికి బీపీ పట్టీ చుట్టాడు. బీపీ బాగానే ఉంది. మనవాళ్ళ టెన్షన్ అంటే ఏమిటో విడమరిచి చెప్పేసరికి సగం టైం అయిపోయింది.

"మేం స్ట్రెస్ అనేది దాన్నే," అన్నాడు. "ఒక్కోసారి టెన్షన్ పడ్డ రెండు మూడు నెలలకి గానీ జుట్టు ఊడదు. చాలామందికి మళ్ళీ వచ్చేస్తుంది."

వెనక్కి లెక్కపెడితే సరిగ్గా డిసర్టేషన్ రోజులు. నూనె ఏ పాపమూ ఎరగదు. లావణ్యకి సారీ చెప్పాలని ఫోన్ తీశాను, సిగ్గేసి పెట్టేశాను. రేపు, ఎల్లుండి అంటూ వారాలు గడిపేశాను.

ఆఖరికి తనే ఫోన్ చేసింది, గొడవైన మూడు నెలలకి.

"నా జుట్టు మస్తు ఊడుతున్నదే. నువ్వు జీపీ కాడికి పోయినవట గదా, ఏం చెప్పిండు?"

"మూడు నెలల కిందట ఏమైనా టెన్షన్ పడ్డావా అని అడుగుతాడు."

అవతల తను వెనక్కి లెక్కపెట్టుకుంటోందని నాకు తెలుసు.

"అయితే నీ పేరు చెప్త," అంది.

అప్పుడు చెప్పాను సారీ, ఏడుస్తూ. తను "సరే తియ్యి" అంది. నా జుట్టు మళ్ళీ వచ్చేసింది గానీ లావణ్య మా గదికి మళ్ళీ రాలేదు. అందుకని, తిరిగొచ్చిన ఒక్కో వెంట్రుక మీదా ఒట్టేసి చెబుతున్నాను: ఈ జన్మలో ఇంకెవరి అమ్మ కాచిన నూనెనూ పారబొయ్యను, నా నెత్తి బోడైపోయినా సరే.