రోమన్ క్యాండిల్ తీసుకుపోయిన చూపు

ఇవాళ తెనాలిలో టపాసుల కొట్ల ముందు ఆగితే, ఆ మందు వాసనకి గుండె బరువెక్కింది. మీకూ గుర్తుండే ఉంటాయి, గొట్టంలోంచి ఒక్కో రంగు ముద్ద పైకెగిరే రోమన్ క్యాండిళ్లు.

రేపల్లెలో మా బాబాయి బంగారప్పని చేసేవాడు. దీపావళి సరుకు ఆయనే ఏరేవాడు. గొట్టం నొక్కి చూసి, చెమ్మకి మెత్తబడితే పక్కన పెట్టేసేవాడు. ఇసక బకెట్లో సగందాకా పాతి, మమ్మల్ని అరుగు మీదే ఉంచి, పొడవాటి కాకరపువ్వొత్తితో అంటించి వెనక్కి వచ్చేసేవాడు. ఎవర్నీ చేత్తో పట్టుకోనిచ్చేవాడు కాదు.

ఆ ఏడాది ఒక గొట్టం రెండు ముద్దలు చిమ్మి ఆగిపోయింది.

"నీళ్లు పోసేద్దామండీ" అంటూ పిన్ని చెంబు కోసం లోపలికెళ్లింది. ఇంతలో వాళ్లమ్మాయి రమ, "నాన్నా, ఇంకా ఉన్నాయిగా!" అని ఏడుపు మొదలెట్టింది. అంటించాక ఎప్పుడూ దగ్గరికి పోని మనిషి, పిల్ల ఏడుపు చూడలేక వెళ్లి వంగి చూశాడు. లోపల మిగిలిన ముద్ద అప్పుడే పేలి మొహానికి తగిలింది.

గుంటూరు ఆసుపత్రిలో కళ్లకి కట్టుతో ఆయన మొదట అడిగింది, "పిల్ల దగ్గరికి రాలేదు కదా?" అని. కుడికన్ను పోయింది. నగల సన్నపని ఇక చెయ్యలేక కుంపటీ పనిముట్లూ అమ్మేశాడు. రమని మాత్రం చివరిదాకా ఒక్క మాట అనలేదు.

బాబాయి పోయి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ దీపావళి సాయంత్రం రమ తలుపులేసుకుని కూర్చుంటుంది. ఫోన్ చేస్తే, "ఆ రోజు నేను ఏడవకుండా ఉంటే బావుండేది అక్కా" అంటుంది.

"అప్పుడు నీకు ఐదేళ్లే కదే" అంటాను.