జేబుల గోల్‌కీపరు

ఎజ్రా క్లెగ్ పేరుకు మా ఫుట్‌బాల్ జట్టు గోల్‌కీపరే గాని, గోలు దగ్గర కుదురుగా నిలబడ్డ మనిషి కాడు. బంతి చేతికి చిక్కిందంటే నేలకేసి కొట్టుకుంటూ మైదానం సగం దాకా వచ్చేసేవాడు. అప్పటి రూలు దానికి ఒప్పుకునేది. వాడి ముందు, గోలుకు అడ్డుగా నిలిచే బ్యాకుగా తొమ్మిదేళ్లు ఆడినవాణ్ణి నేను. ఎదుటి జట్టువాళ్లకంటే వీడే నన్ను ఎక్కువసార్లు దాటుకుపోయాడు.

మా థార్న్‌బెక్ నూలు మిల్లులో వాడిది మగ్గాలు బాగుచేసే పని. శనివారం మధ్యాహ్నం మిల్లు కూత వెయ్యగానే చెక్క బూట్లతోనే మైదానానికి వచ్చి పడేవాడు.

1912 ఎండాకాలంలో రూలు మారింది. ఇక మీదట గోల్‌కీపరు గోలు ముందున్న పెద్ద సున్నపు గడిలోనే బంతిని చేత్తో ముట్టాలి. ప్రాక్టీసులో ఎజ్రా మూడుసార్లు గీత దాటి పట్టి, మూడుసార్లూ నాలుక కరుచుకున్నాడు. మా క్లబ్బు కార్యదర్శి పిలింగ్ గారు మొహమాటం తెలియని మనిషి. మొదటి లీగు మ్యాచిలో ఒక్కసారి అలా చేసినా పేరు కొట్టేస్తాననీ, పక్క ఊరి కీపరు సిద్ధంగా ఉన్నాడనీ చెప్పేశారు. ఎజ్రాకి ముప్ఫయ్యారేళ్లు. ఇప్పుడు పోతే మళ్లీ పిలిచేవాళ్లు లేరు. ఆ వారం వాడికి అన్నపానాలు సయించలేదు. నాకూ బెంగగానే ఉంది.

వాడి భార్య టాబిథాది నోరూ చురుకే, చెయ్యీ చురుకే. పెరట్లో సుద్దగీత గీసి, వాడు దాటి చెయ్యి చాచినప్పుడల్లా తడి అంట్లగుడ్డతో వడ్డించింది. లాభం లేకపోయింది. మ్యాచి రోజు పొద్దున్నే లేచి వాడి నిక్కరుకు రెండు లోతైన జేబులు కుట్టింది.

"గీత దాటావంటే చేతులు ఇందులో ఉండాలి," అంది.

"జనం నవ్వుతారే."

"నవ్వనీ. ఇంట్లో కూర్చుని ఏడ్చే మొగుడితో నేను పడలేను."

మ్యాచి ఆఖరి నిమిషాల్లో మేం ఒక్క గోలు ముందున్నాం. నేను బురదలో జారి పడ్డాను. వాళ్ల ఫార్వర్డు బంతితో ఒంటరిగా వస్తున్నాడు. ఎజ్రా ఎప్పటిలాగే ఆగలేక ఉరికి గీత దాటేశాడు. అయిపోయిందనుకున్నాను. చూస్తే చేతులు రెండూ జేబుల్లో ఉన్నాయి. కాలితో తన్నాడు. ఆ బంతి ఫార్వర్డు మోకాలికి తగిలి, ఎజ్రా నెత్తి మీదుగా మా గోలువైపు లేచింది. ఎజ్రా జేబుల్లో చేతులతోనే వెనక్కి పరుగెత్తాడు. గడిలోకి అడుగుపెట్టి లాగితే చేతులు రావు. టాబిథా అంత బిగువుగా కుట్టింది. టర్రుమని చింపుకుని, జేబుగుడ్డలు పిడికిళ్లకు వేలాడుతుండగానే బంతిని గోలు పైకర్ర మీదుగా గుద్దేశాడు. జనం పడీ పడీ నవ్వారు. నేను బురదలో కూర్చునే నవ్వాను.

పిలింగ్ గారు కళ్లద్దాలు తుడుచుకుంటూ వచ్చి, "ఇక నుంచి జేబులకు బట్ట క్లబ్బే కొంటుంది," అన్నారు. ఎజ్రా ఆ చిరుగులతోనే పెళ్లాం దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

"ఎంత బట్ట కావాలో చెప్పమన్నారు."

"ఇంకా ఎన్నాళ్లు ఆడతావో చెప్పు, కొలుస్తాను," అంది టాబిథా. వాడు ముక్కు తుడుచుకున్నాడు, జేబుగుడ్డతోనే.

యుద్ధమొచ్చి లీగు ఆగిపోయేదాకా వాడే మా కీపరు. సోమవారం ఉతికిన బట్టల్లో ఆ నిక్కరు తాడు మీద ఆరుతుంటే, జేబులు చిరిగి వేలాడుతున్నాయో లేదో చూసి, శనివారం ఎజ్రా గీత దాటాడో లేదో మా వీధి వీధంతా చెప్పేసేది.